స్టెంట్ పడ్డాక వైద్యం సరిగ్గా అందుతోందా? ఇంట్లోనే లెక్క చూసుకోవడం ఎలా

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చే చుట్టాలంతా దాదాపు ఒకే మాట అంటారు. "బ్లాకు తీసేశారు కదా, ఇంకేం ఫర్లేదు." ఈ ధైర్యంతోనే చాలామంది ఆరు నెలలు తిరక్కుండా మందులు తగ్గించేస్తారు. స్టెంట్ పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. కొవ్వు పేరుకునే జబ్బు మాత్రం గుండెకు వెళ్ళే రక్తనాళాలన్నిటిలోనూ ఉంటుంది. ఊరంతా పైపులు తుప్పు పట్టి ఉంటే ఒక్క జాయింటు మార్చినట్టన్నమాట. రెండో గుండెపోటు చాలాసార్లు స్టెంట్ వేసిన చోట నుంచి కాదు, మొదటి యాంజియోలో "చిన్నదే, మందులతో చూద్దాం" అని వదిలేసిన చోట నుంచి వస్తుంది. దాన్ని ఆపాల్సింది మందులే, పొగాకు మానడమే.

మంచి వైద్యం అంటే మనకు ఏసీ గది, పేరున్న డాక్టరు, పెద్ద మిషన్లు. రెండో గుండెపోటును ఆపే విషయంలో మంచి వైద్యానికి కొలతలు వేరు. ఇవ్వాల్సిన మందులన్నీ రాశారా? సరిపడా డోసులో రాశారా? ఎల్‌డీఎల్ (చెడ్డ కొవ్వు), బీపీ, షుగర్ మళ్ళీ కొలిచి, దిగకపోతే మందు మార్చారా? బ్రిటన్‌లో 2004 నుంచి ఫ్యామిలీ డాక్టర్లకు ఇచ్చే డబ్బులో కొంత ఇలాంటి లెక్కలతోనే ముడిపెట్టారు. గుండెజబ్బు ఉన్నవాళ్ళలో ఎంతమంది బీపీ రాసిపెట్టారు, ఎంతమందికి అదుపులో ఉంది అని చూసి చెల్లించడం అప్పుడు మొదలైంది. మన దగ్గర స్టెంట్ వేసిన డాక్టరు ఒకచోట, షుగర్ చూసే డాక్టరు ఇంకోచోట, మధ్యలో ఊళ్ళో ఆర్ఎంపీ. మొత్తం లెక్క ఎవరి దగ్గరా ఉండదు. 17 దేశాల్లో చేసిన ప్యూర్ అధ్యయనం 2011లో వచ్చింది. మన దేశాన్ని పేద దేశాల గుంపులో చూపించిన ఆ అధ్యయనంలో, ఆ గుంపులో గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్ళలో 80 శాతం మంది వాడాల్సిన మందుల్లో ఒక్కటి కూడా వాడటం లేదని తేలింది. కాబట్టి ఆ లెక్కేదో మీరే రాసుకోవాలి. మందుల షాపు కౌంటర్ వెనక నిలబడే మనిషిగా నాకు కనిపించేవన్నీ కలిపి ఆ పద్ధతి చెబుతున్నాను.

ముందు కాగితాలు

డిశ్చార్జి ఫైలును బీరువాలోంచి బయటికి తీయండి. అందులో నాలుగు సంగతులు వెతకాలి. గుండెపోటు వచ్చిన తేదీ, స్టెంట్ వేసిన తేదీ. ఏ రక్తనాళంలో వేశారన్నది (ఎల్ఏడీ, ఆర్‌సీఏ, ఎల్‌సీఎక్స్ అని పొట్టి అక్షరాల్లో ఉంటుంది). ఏ నాళంలో ఎంత బ్లాకు అలాగే ఉంచారన్నది. ఆఖరిది ఈఎఫ్. 2డీ ఎకో రిపోర్టులో ఈఎఫ్ పక్కన ఒక శాతం ఉంటుంది, గుండె ఎంత గట్టిగా రక్తాన్ని తోస్తోందో అది చెబుతుంది. 55 పైన ఉంటే బాగున్నట్టే. 40, అంతకంటే తక్కువ ఉంటే గుండె బలహీనపడిందని అర్థం, అప్పుడు మందుల లిస్టు మరికాస్త పెరుగుతుంది. పెరగకపోతే అడగాలి.

ఈ కాగితాలు, స్టెంట్ స్టిక్కరు ఉన్న పేజీ ఫోన్లో ఫోటో తీసి, ఇంట్లో ఇంకో ఇద్దరికి వాట్సాప్ చేయండి. అర్ధరాత్రి వేరే ఊళ్ళో కాజువాలిటీలో ఉన్నప్పుడు బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు.

మందుల చీటీలో వెతకాల్సిన నాలుగు వరసలు

ఒకటి, ఆస్పిరిన్ 75. రెండోది, దానికి తోడుగా రక్తం గడ్డకట్టకుండా చూసే ఇంకో మందు: క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రాసుగ్రెల్, ఈ మూడింటిలో ఏదో ఒకటి. మూడోది కొవ్వు తగ్గించే స్టాటిన్, అంటే అటోర్వాస్టాటిన్ లేదా రోసువాస్టాటిన్. నాలుగోది బీపీ, గుండె బలం కోసం ఇచ్చేవి: రామిప్రిల్ లేదా టెల్మిసార్టన్, మెటోప్రొలాల్ లేదా బిసోప్రొలాల్. నాలుగో వరసలో మనిషిని బట్టి తేడా ఉంటుంది. ఈఎఫ్ బాగున్నవాళ్ళకి మెటోప్రొలాల్ లాంటివి ఎంతకాలం అవసరమన్నది ఈ మధ్య వచ్చిన అధ్యయనాల తర్వాత డాక్టర్లే మళ్ళీ ఆలోచిస్తున్నారు. మొదటి మూడింటిలో ఏదైనా లేకపోతే మాత్రం "ఎందుకు లేదు సార్?" అని అడిగి తీరాలి. కారణం ఉండొచ్చు, కానీ అది మీకు తెలియాలి.

రెండో వరసలోని మందు గుండెపోటు తర్వాత మామూలుగా ఏడాది. రక్తస్రావం ముప్పు ఉన్నవాళ్ళకి డాక్టరు తగ్గిస్తారు. ఈ ఏడాదిలో, ముఖ్యంగా మొదటి నెలల్లో, సొంతంగా ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. టికాగ్రెలార్ రోజుకు రెండుసార్లు వేసుకోవాలి, రాత్రిది మర్చిపోయేవాళ్ళు ఎక్కువ. దానితో కొందరికి ఆయాసం వచ్చినట్టు ఉంటుంది. అలా అనిపిస్తే ఆపేయకుండా ఆ రోజే ఫోన్ చేయండి, మందు మారుస్తారు. మలం నల్లగా తారులా వస్తే అది కడుపులో రక్తస్రావం కావచ్చు, వెంటనే చూపించుకోవాలి.

ఇప్పుడు మా కౌంటర్ దగ్గర రోజూ కనిపించే చిక్కు. మన దగ్గర ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, స్టాటిన్ మూడూ కలిపి ఒకే క్యాప్సూల్‌గా ఇవ్వడం బాగా అలవాటు. సౌకర్యమే, ఒక్కటి మింగితే మూడు పనులు. కానీ స్ట్రిప్పు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75, తర్వాత స్టాటిన్ 10 అనో 20 అనో ఉంటుంది. గుండెపోటు వచ్చినవాళ్ళకి సాధారణంగా కావాల్సింది అటోర్వా 40 లేదా 80, కాకపోతే రోసువా 20 లేదా 40. అంటే క్యాప్సూల్లో స్టాటిన్ ఉందన్న మాట నిజమే గానీ, చాలామందికి సరిపడా లేదు. మీ ఎల్‌డీఎల్ దిగకపోతే మొట్టమొదట చూడాల్సింది ఈ మూడో అంకెనే.

రెండో చిక్కు ఏడాది తర్వాత వస్తుంది. "ఆ పల్చబరిచే మందు ఇక చాలు" అని డాక్టరు అంటారు. ఇంటికొచ్చి క్యాప్సూలే ఆపేస్తారు. దాంతో క్లోపిడోగ్రెల్‌తో పాటు ఆస్పిరిన్ పోయింది, స్టాటిన్ కూడా పోయింది. ఆపమన్నది ఒక్కటి, ఆగింది మూడు. ఏదైనా మందు ఆపమంటే, మిగిలినవి ఏ పేరుతో కొనాలో కొత్త చీటీలో రాయించుకునే బయటికి రండి. దీనికి తలకిందులుగా ఇంకోటి ఉంది. ఒక డాక్టరు క్యాప్సూల్ రాస్తే, ఇంకో డాక్టరు విడిగా ఎకోస్ప్రిన్ (అదీ ఆస్పిరినే) రాస్తారు, మనిషి రెండూ మింగుతుంటాడు. అన్ని స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసి, మూడు నెలలకోసారి షాపులో ఫార్మసిస్టు ముందు గుమ్మరించండి. డబుల్ అయినవి అక్కడికక్కడే దొరుకుతాయి.

స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ ఉన్న కొస ఆఖరి వరకూ ఉంచండి. "నాన్న గుండె గోళీలు, ఇవే ఒక పది" అంటూ తెచ్చే ముక్క మీద చాలాసార్లు సగం అక్షరాలు, ఎమ్మార్పీ తప్ప ఏమీ ఉండవు.

అంకెలు

ఒక నోటు పుస్తకం కొని ఆరు గళ్ళు గీయండి: తేదీ, బీపీ, ఎల్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), బరువు, పొగాకు. ఫోన్లో యాప్‌లు ఉన్నాయి, కానీ డాక్టరు ముందు తెరిచి పెట్టడానికి పుస్తకమే మేలని నా అభిప్రాయం.

అన్నిటికంటే ఎక్కువగా పట్టించుకోవాల్సింది ఎల్‌డీఎల్. గుండెపోటు వచ్చినవాళ్ళకి అది 55 లోపు ఉండాలని యూరప్ గైడ్‌లైన్స్ చెబుతాయి, మన కార్డియాలజికల్ సొసైటీ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలూ అదే అంటాయి. ల్యాబ్ రిపోర్టు చూడండి. ఎల్‌డీఎల్ 92 అని ఉంటుంది, పక్కన "100 లోపు" అని ఉంటుంది. నల్లటి అక్షరాలు లేవు, స్టార్ గుర్తు లేదు. ఇంట్లో అందరూ "అంతా నార్మలే" అని ఫైలు మూసేస్తారు. ఆ 100 అన్నది గుండెజబ్బు లేని మామూలు మనిషి కోసం అచ్చేసిన గీత. మీ గీత 55. రిపోర్టు చేతికి రాగానే పెన్నుతో ఆ 100 కొట్టేసి 55 అని రాసుకోండి.

మందు మొదలుపెట్టిన 4 నుంచి 12 వారాల్లోపు ఒకసారి ఈ పరీక్ష మళ్ళీ చేయించాలి. చాలాచోట్ల జారిపోయేది ఇదే. ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేసిన పరీక్షే ఆఖరిదై, రెండేళ్ళు అదే డోసు సాగుతుంది. దిగకపోతే ఏం చేయాలో కూడా తెలిసి ఉంటే మంచిది. స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతం దాకానే. ఎజెటిమైబ్ 10 అనే ఇంకో మాత్ర కలిపితే సుమారు 20 శాతం తగ్గుతుంది. అది కొత్తదేమీ కాదు, జనరిక్‌లో దొరుకుతుంది. అయినా చాలా చీటీల్లో కనిపించదు.

స్టాటిన్ వేసుకుంటే ఒళ్ళు నొప్పులని, లివర్ పోతుందని ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. కొందరికి కండరాల నొప్పి నిజంగానే వస్తుంది. కానీ స్టాటిన్ పడలేదని మానేసినవాళ్ళకే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, తెలియకుండా మార్చి మార్చి ఇచ్చి చూసిన సామ్సన్ అధ్యయనంలో, వాళ్ళకొచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చాయి. నొప్పి ఉంటే చెప్పండి, డోసు తగ్గిస్తారు, మందు మారుస్తారు. పూర్తిగా మానేయడం మాత్రం ఆఖరి మాట.

బీపీ 130/80 లోపు. ఇంట్లో చూసుకునే పట్టీ మణికట్టుది కాకుండా చేతి పైభాగానికి కట్టేది కొనండి. టీ తాగిన అరగంట వరకూ చూడొద్దు. కుర్చీకి ఆనుకుని, పాదాలు నేలకు ఆన్చి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాయండి. హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 లోపు, బాగా పెద్దవయసు వాళ్ళకి కొంత సడలిస్తారు. రామిప్రిల్, టెల్మిసార్టన్ వాడేవాళ్ళు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పొటాషియం కూడా మధ్యమధ్యలో చూపించుకోవాలి.

డాక్టరు ముందు ఐదు నిమిషాలు

ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. అందులో నాలుగు "ఎలా ఉన్నారు, బాగానే ఉన్నాను" కింద పోతాయి. లోపలికి వెళ్ళగానే పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టండి. అడిగే తీరు ఇలా ఉంటే పని జరుగుతుంది: "సార్, ఎల్‌డీఎల్ 82 ఉంది. 55 లోపు ఉండాలి కదా, మందు పెంచాలా, ఇంకోటి కలపాలా?" "ఈ క్లోపిడోగ్రెల్ ఏ నెల వరకు సార్? కాగితం మీద రాస్తారా?" "ఈఎఫ్ 38 ఉంది, దానికి వేరే మందులు ఏమైనా మొదలుపెట్టాలా?" షుగర్ ఉన్నవాళ్ళు అదనంగా డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి తమకు పనికొస్తాయేమో అడగొచ్చు, అవి షుగర్‌తో పాటు గుండె బలహీనతకూ పనిచేస్తాయి.

అడిగితే డాక్టరు కోప్పడతారని భయం కొందరికి. అంకె చూపించి అడిగిన ప్రశ్నకు కోప్పడేవాళ్ళు తక్కువ. "గూగుల్లో చూశాను" అంటే చిరాకు పడతారు, అది వేరే సంగతి. అంకె టార్గెట్ పైన ఉన్నా రెండు రివ్యూలు వరసగా "ఇవే వాడండి" అని పాత చీటీయే తిరిగొస్తే, ఇంకో కార్డియాలజిస్టు అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు.

మందులు అయిపోకుండా

మందులు మానడానికి మొండితనం కంటే డబ్బు, దూరం పెద్ద కారణాలు. ఆరోగ్యశ్రీ కింద (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళి ఒక్క ప్రశ్న అడగండి: "మా కేసుకి ఫాలోఅప్ ప్యాకేజీ ఉందా?" కొన్ని చికిత్సలకు ఆ తర్వాత కొంతకాలం చెకప్, పరీక్షలు, మందులు పథకంలోనే వస్తాయి. అడగనివాళ్ళకి ఎవరూ పిలిచి చెప్పరు. బీపీ, షుగర్ మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. మిగిలినవి జన ఔషధి షాపులో జనరిక్ పేరుతో అడిగితే నెల ఖర్చు బాగా తగ్గుతుంది. నేను మందుల షాపు వాణ్ణే, అయినా చెబుతున్నాను. బ్రాండు కొని నెలలో పది రోజులు వేసుకునేదానికంటే జనరిక్ ముప్పై రోజులూ వేసుకోవడం ఎంతో మేలు. స్ట్రిప్పులో వారానికి సరిపడా మిగిలి ఉండగానే కొత్తది తెచ్చుకోండి. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళేటప్పుడు చీటీ, ఉండే అన్ని రోజులకూ మందులు చేతి సంచిలోనే ఉండాలి, సూట్‌కేసులో కాదు.

అన్నీ కలిపిన మాత్ర గురించి పైన తప్పు పట్టాను గానీ, ఆలోచన మంచిదే. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన అలాంటి మాత్రనే మన దేశంలోనూ యూరప్‌లోనూ సుమారు 2,000 మందిపై అంపైర్ అనే అధ్యయనంలో పరీక్షించారు. 2013లో ఫలితాలు వచ్చాయి. విడివిడిగా ఇచ్చినవాళ్ళలో మందులు సరిగ్గా వాడినవాళ్ళు 65 శాతం ఉంటే, ఒకే మాత్ర ఇచ్చినవాళ్ళలో 86 శాతం. అందులో బీపీ మందులు కూడా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇలాంటి మాత్రలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. విడివిడి మాత్రలు మర్చిపోయే మనిషైతే కలిపినదే అడగండి, స్టాటిన్ అంకె మాత్రం చూసుకుని.

పొగాకు, నడక, వంటిల్లు

బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా ఏదైనా సరే, తగ్గించడం లెక్కలోకి రాదు, మానాలి. ఉచిత సహాయ నంబరు 1800-11-2356 పొగాకు ప్యాకెట్ల మీదే ఉంటుంది. నికోటిన్ బబుల్‌గమ్ గురించి డాక్టరును అడగండి. ఇంట్లో ఇంకెవరైనా కాలుస్తుంటే వాళ్ళు కూడా బయట కాదు, అసలు మానాలి. పక్కన కూర్చుని మానమని చెప్పే మనిషి జేబులో ప్యాకెట్ ఉంటే ఆ మాట ఎవరూ వినరు.

నడక డాక్టరు ఒప్పుకున్న రోజు నుంచి ఐదు పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదు రోజులు అరగంటకు తీసుకెళ్ళండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోయినా ఫర్లేదు. బైపాస్ అయినవాళ్ళు ఛాతీ ఎముక అతుక్కునేదాకా, అంటే రెండు మూడు నెలలు, నీళ్ళ బకెట్లు, గ్యాస్ సిలిండర్లు ఎత్తొద్దు. ఆసుపత్రిలో కార్డియాక్ రీహాబ్ (గుండెపోటు తర్వాత వ్యాయామం, అలవాట్లు నేర్పే కార్యక్రమం) ఉంటే చేరండి. మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో దాదాపు 4,000 మంది గుండెపోటు రోగులకు యోగాతో రీహాబ్ చేయించి చూశారు. 2020లో వచ్చిన ఆ ఫలితాల్లో మళ్ళీ గుండెపోట్లు తగ్గాయని స్పష్టంగా తేలలేదు. కానీ మనిషికి ధైర్యం, ఆరోగ్యంగా ఉన్నానన్న నమ్మకం పెరిగాయి, పాత పనుల్లోకి తిరిగి వెళ్ళారు. కాబట్టి యోగా చేయండి, మందులకు బదులుగా మాత్రం కాదు.

ఉప్పు రోజుకు అన్నీ కలిపి 5 గ్రాములు, ఒక టీ చెంచా. మన ఇళ్ళలో కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం, వడియాలు యథాతథంగా ఉంచుతారు. నూనె మనిషికి నెలకు అరలీటరు, నలుగురుంటే రెండు లీటర్లు. అంతకు మించి ఏ నూనె అయినా ఎక్కువే. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మంచిదే, కానీ కిడ్నీ ఇబ్బంది ఉన్నా, రామిప్రిల్, టెల్మిసార్టన్ వాడుతున్నా డాక్టరును అడక్కుండా కొనొద్దు.

మధ్యలో చెడగొట్టేవి

మోకాళ్ళ నొప్పులకు షాపులో అడిగి తీసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ గుండెపోటు వచ్చినవాళ్ళకి మంచివి కావు. ఐబుప్రొఫెన్ ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది కూడా. పారాసెటమాల్‌తో సరిపెట్టుకోండి, చాలకపోతే డాక్టరుకు చెప్పండి. ఊళ్ళో నొప్పుల ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళకి స్టెంట్ సంగతి ముందే చెప్పాలి. గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది, పాంటోప్రజోల్ నయం.

పన్ను తీయించుకోవాలన్నా, కాటరాక్ట్ ఆపరేషన్ అన్నా "పల్చబరిచే మందులు వారం ఆపి రండి" అంటారు. కార్డియాలజిస్టుతో మాట్లాడకుండా ఆపొద్దు, ఇద్దరు డాక్టర్లనూ ఫోన్లో మాట్లాడించండి. రామిప్రిల్‌తో పొడి దగ్గు వస్తే కూడా అంతే, మానడం కాదు, మార్పించుకోవడం. ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ ఉపవాసమైనా, అయ్యప్ప దీక్ష ఒంటిపూట భోజనమైనా వారం ముందే మందుల వేళలు సర్దించుకోవాలి, షుగర్ మందులున్నవాళ్ళు మరీ ముఖ్యంగా. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. మొక్కు ఉంటే బస్సెక్కి వెళ్ళి తీర్చుకోండి, స్వామి ఏమీ అనుకోడు.

ఏటా ఒకసారి ఫ్లూ టీకా వేయించుకోండి. గుండెపోటు వచ్చినవాళ్ళలో మరణాలు తగ్గించిన టీకా అది, మనవాళ్ళు పిల్లలకే అనుకుంటారు. నిద్ర పట్టక, ఏ పనీ చేయబుద్ధి కాక, చిన్నదానికీ టెన్షన్ పడుతూ రెండు వారాలు దాటితే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన లక్షణమే.

మళ్ళీ నొప్పి వస్తే

ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, చెమటలు, ఊపిరాడకపోవడం ఏది వచ్చినా ఉన్నచోటే కూర్చోండి. షుగర్ ఉన్నవాళ్ళకి, ఆడవాళ్ళకి నొప్పి లేకుండా ఒట్టి ఆయాసమో, "గ్యాస్" లాగానో ఉండొచ్చు. డాక్టరు ఇచ్చిన సార్బిట్రేట్ 5 ఒకటి నాలుక కింద పెట్టుకోండి. నిలబడి వేసుకుంటే బీపీ పడి కళ్ళు తిరుగుతాయి. గత రెండు రోజుల్లో సిల్డెనాఫిల్, టడాలఫిల్ లాంటి (మగవాళ్ళ లైంగిక సమస్యకు వాడే) మాత్రలు వేసుకుని ఉంటే సార్బిట్రేట్ వద్దు, సిగ్గుపడకుండా ఆ సంగతి అంబులెన్స్ వాళ్ళకీ చెప్పండి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108. ఈసీజీ తీసే మిషన్, స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ రెండూ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ఇప్పుడే కనుక్కుని, పేరు, ఫోన్ నంబరు ఆ నోటు పుస్తకం మొదటి పేజీలో రాయండి. కొడుకు బైకు వెనక కూర్చుని మాత్రం వెళ్ళొద్దు, దారిలో గుండె ఆగితే షాక్ ఇచ్చే మిషన్ బైకు మీద ఉండదు.